నిమ్మచెట్టుకు పొయ్యాల్సిన నీళ్లు

కోడేరు నుంచి తిరిగొచ్చి మూడు వారాలైంది. "ప్రయాణం ఎలా జరిగింది?" అని ఇంట్లో అడిగితే "ఎండ ఎక్కువగా ఉంది" అని తప్పించుకుంటున్నాను. అది అబద్ధమేమీ కాదు. పాలమూరులో ఉగాది దాటాక ఎండ గురించి ఏం చెప్పినా నిజమే అవుతుంది.

ఆ వైపు వెళ్లనివాళ్ల కోసం రాస్తున్నాను కాబట్టి ముందే ఒక మాట. ఇందులో గద్వాల కోట లేదు, గద్వాల చీరల బేరం లేదు, కృష్ణ ఒడ్డున సూర్యాస్తమయం లేదు. అవి కావలసినవాళ్లకు ఈ రాత దండగ. నేను ఒక పాట వెనకాల వెళ్లాను. ఆ పాట పాడింది నేను, అందులో ఒక వాక్యాన్ని మార్చిందీ నేనే. ఆ సంగతి చెప్పవలసిన మనిషి కోడేరులో ఉంది. ఆమెకు ముప్పై అయిదేళ్లుగా చెప్పకుండా తప్పించుకు తిరిగాను.

బయలుదేరకముందు

మేం నలుగురం. హైదరాబాదు నారాయణగూడలో ఒక మేడ మీది గది. ఒకడు గిటారు, ఒకడు డ్రమ్స్, పాడేది నేను. రాసేవాడు నర్సిములు. కోడేరు నుంచి వచ్చి ఒక ప్రెస్సులో రాత్రి డ్యూటీలో అక్షరాలు పేర్చేవాడు. పాత బజారులో దొరికే విదేశీ రాక్ క్యాసెట్లు తెచ్చుకుని అరిగిపోయేదాకా వినేవాళ్లం. ఆ ఇంగ్లీషులో సగం మాటలు మాకు అందేవి కావు. అయినా అర్థాల మీద కొట్టుకు చచ్చేవాళ్లం. ఒకే పాట విని గిటారువాడు అమ్మాయి గురించి అనేవాడు, డ్రమ్స్‌వాడు యుద్ధం గురించి అనేవాడు. నర్సిములు మాత్రం ఏ పాట విన్నా "గిది ఇంటికి పోలేనోని పాటరా" అనేవాడు. వాడి ఇంగ్లీషు మా అందరికంటే తక్కువని మేం నవ్వుకునేవాళ్లం.

ఒక ఎండాకాలం మా సొంత క్యాసెట్ వేయాలని బుద్ధి పుట్టింది. తెలుగులో రాక్ అంటే అప్పట్లో ఎవరూ నవ్వడానికి కూడా ముందుకొచ్చేవారు కాదు. నర్సిములు ప్రెస్సులో మిగిలిన గులాబీరంగు కరపత్రం వెనకవైపు పాట రాసిచ్చాడు. పల్లవి ఇది:

*ఎండ నా ఎంట వచ్చింది, నీడ రానన్నది*
*బాట నా కాళ్లడిగింది, ఇచ్చేసిన*
*పొద్దుగూకినంక కుండ దించి*
*నా వంతు నీళ్లు నిమ్మచెట్టుకు పొయ్యుండ్రి*

నేను తెనాలి పక్క పల్లెటూరివాణ్ణి. మా ఇంటి ముందు కాలవ, వెనక కాలవ. గేదె కూడా వాటా అడగకుండా తాగే నీళ్లు. నీళ్లకు వంతేమిటి, దాన్ని నిమ్మచెట్టుకు పొయ్యమనడమేమిటి? ఏదో కవిత్వం అనుకున్నాను. దానికి తోడు ఆ చివరి వాక్యం దగ్గర గొంతు కిందికి దిగిపోతోంది, గిటారు ఎగరడం లేదు. రికార్డింగు నాడు నర్సిములు డ్యూటీలో ఉన్నాడు. వాణ్ణి అడక్కుండా నేను మార్చేశాను:

*నా వంతు నీళ్లు దాచి పెట్టుండ్రి, వస్తున్న*

ఆ "వస్తున్న" మీద గొంతెత్తి కేకేస్తే స్టూడియో అద్దం అవతల కూర్చున్నవాడు కూడా తల ఊపాడు. ప్రేమపాట బాగా కుదిరిందని సంబరపడ్డాను.

మొదటి క్యాసెట్లు చేతికి రాగానే నర్సిములు ఒకటి తీసుకుని, ఊరి మనిషి ఎవరో కనబడితే ఇచ్చి ఇంటికి పంపాడు. మా టేప్‌రికార్డర్ రిపేరులో ఉంది; వాడు పాట వినలేదు. ఆ తర్వాత రోజూ సాయంత్రం గౌలిగూడ బస్టాండుకు పోయి, అక్కడ టీ తాగి, అట్నుంచటే డ్యూటీకి పోయేవాడు. గది కిందే టీ కొట్టు ఉండగా అంత దూరమెందుకురా అంటే నవ్వేవాడు. తొమ్మిదో రోజు టేప్‌రికార్డర్ వచ్చింది. పాట పెట్టాను. చివరిదాకా విన్నాడు. "మంచిగనే ఉంది లే" అన్నాడు. మర్నాడు పొద్దున నేను లేచేసరికి వాడి చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. మనిషి లేడు. ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు. ఆస్పత్రులు, స్టేషన్లు అన్నీ తిరిగాను. నెల తర్వాత వాళ్ల నాయన వెతుక్కుంటూ వస్తే "వస్తాడు లెండి" అని చెప్పి బస్సెక్కించాను. కరపత్రం నా పెట్టె అడుగున దాచుకున్నాను.

గిటారువాడు ఎప్పుడో పోయాడు. డ్రమ్స్ వాయించినవాడు పోయినేడు పోయాడు. వాడి కొడుకు తండ్రి సామాన్లు సర్దుతూ ఆ పాటను ఫోనులోకెక్కించి, నా పేరు, నంబరు జతచేసి పదిమందికి పంపాడు. అది తిరిగి తిరిగి గద్వాల చేరింది. అక్కడి నుంచి ఒకాయన నాకు ఫోన్ చేశాడు. "సార్, గీ పాట పాడినాయన మీరేనా? మా దిక్కు గీ పాట ఎరగనోల్లు లేరు సార్." మా క్యాసెట్లు రెండు వందలు వేస్తే పదహారు అమ్ముడుపోయాయి. ఆయన నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను.

గద్వాల

గద్వాలలో దిగగానే తిన్నది ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. నానేసిన బొరుగుల్ని తాలింపులో వేసి కలిపే ఉపాహారం అది. మా వైపు బొరుగులంటే పిల్లలు జేబులో పోసుకునే చిరుతిండి. వీళ్లకు పొద్దుటి పూట కడుపు నింపే తిండి. ప్లేటు నలభై. కొట్టాయనది సగం తెలుగు, సగం కన్నడం. "ఇంకో బజ్జీ బేకా సార్?" అన్నాడు. అడిగిన తీరు బాగుందని తిన్నాను, మధ్యాహ్నం దాకా కడుపు మండింది.

ఫోన్ చేసినాయన పేరు ఖాజా భాయ్. అరవై దాటాయి. ఇప్పుడు సెల్‌ఫోన్లకు అద్దాలు అతికిస్తాడు. అప్పట్లో ఆ కొట్టులోనే ఖాళీ క్యాసెట్లలో అడిగిన పాటలు నింపి ఇచ్చేవాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, మా పాట ఊరూరా ఎలా తిరిగిందో చెప్పాడు.

"మీవి అమ్ముడుపోలే గదా సార్, గవన్ని కోఠిల తుక్కు కింద అమ్మిన్రు. చెరిపి వేరేవి నింపుదామని నేను ఒక కట్ట కొనుక్కొచ్చిన. చెరిపే ముందు ఒకటి ఇన్న. నాలుగు నిమిషాలకు జర తక్కువుంది."

"నచ్చిందా?"

"నచ్చుడు గాదు సార్, సరిపోయింది. చూడుండ్రి, అరవై నిమిషాల క్యాసెట్, ఒక దిక్కు ముప్పై. ఆరు పాటలు నింపితే ఆఖరుకు మూడో నాలుగో నిమిషాలు ఖాళీ ఉంటది. గిరాకీ ఊకుంటడా? పూరా పైసలిచ్చిన, ఖాళీ ఎందుకిడిసినవ్ అంటడు. ఇంకో సిన్మా పాట పెడితే నడిమిట్ల తెగుతది. అందుకే ఆఖరున గీ పాట పెడుతుంటి. సిన్మా పాటలకైనా గిదే, ఏసు పాటలకైనా గిదే, మేస్త్రీలు కొనుక్కపోయే పల్లె పాటలకైనా గిదే. ఇరవై ఏండ్లు పెట్టిన."

మా పాట గొప్పదై బతకలేదు. రేకుల మధ్య సందులో గుడ్డపేలిక కుక్కినట్టు కుక్కితే బతికింది.

"మరి మీకు ఆ పాటలో ఏం అర్థమైంది భాయ్?"

"నాకు అర్థంతోని పనేం పడలే సార్. నాలుగు నిమిషాలు. గంతే."

ఒకసారి పాడమన్నాడు. గొంతు ఎప్పుడో పోయింది, అయినా మొదలెట్టాను. చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. మరిచిపోయాననుకుని ఆయనే అందించాడు: "దాచి పెట్టుండ్రి, వస్తున్న." కొట్టులో ఫోను కోసం నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లు కూడా పెదవులు కదిపారు. నా తప్పు అంతమంది నోళ్లలో ఉందని అప్పుడు తెలిసింది. చాయ్ పది రూపాయలు ఆయన నన్ను ఇవ్వనివ్వలేదు.

"వనపర్తిల మార్తమ్మ అని ఉన్నది. ఏసు పాటల క్యాసెట్లు నా దగ్గరనే కొంటుండె. ఆమెను కలువుండ్రి" అని ఫోన్ నంబరు రాసిచ్చాడు.

వనపర్తి

వనపర్తి బస్టాండులో దిగుతుంటే కుడికాలి చెప్పు తెగింది. చెప్పులు కుట్టేవాడి కోసం వెతికి, తారు మీద ఒంటికాలితో గెంతుతూ కొంత దూరం పోయి, చివరికి రెండూ చేత్తో పట్టుకుని మార్తమ్మ ఇల్లు చేరాను. ఆమె నన్ను చూసి ముందు నీళ్లివ్వలేదు. తన పాత రబ్బరు చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టింది. ఒక వేలు పొట్టివి. ఆ చెప్పులతోనే మిగతా యాత్ర అంతా చేశాను.

మార్తమ్మకు డెబ్బై ఉంటాయి. చిన్నప్పటి నుంచీ వేరుశనగ చేలల్లో కూలికి పోయిన చేతులు. జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. పుంటికూర అంటే మా గోంగూరే. మేం దాన్ని అన్నంలో నెయ్యి పోసి గారాబం చేస్తాం. ఇక్కడ ఎండుమిర్చి దట్టించి రొట్టెలో చుట్టుకు తింటారు. తింటున్నంతసేపూ ఆమె నా ఎదురుగా పీట మీద కూర్చుని చూసింది.

"మా సంఘంల మట్టి చేసేటప్పుడు మీ పాటనే పాడుతం" అంది నేను చెయ్యి కడుక్కున్నాక.

"అది భక్తిపాట కాదమ్మా."

"ఎట్ల గాదు? ఎండ ఎంట వచ్చింది, నీడ రానన్నది. సిలువ మోసుకపోయేటప్పుడు శిష్యులంత ఇడిసిపోయిన్రు గదా, గది. బాట కాళ్లడిగింది అంటే మేకులు. ఇచ్చేసిన అన్నడు, ఇయ్యనన్నడా? నీళ్లు దాచి పెట్టుండ్రి అంటే, దూప అయితుందని సిలువ మీద అడిగిండు, ఎవలన్న ఇచ్చిన్రా? వస్తున్న అన్నడు. గంత సక్కగ చెప్పినంక ఇంక ఏం గావాలె?"

ముక్కముక్కకూ అర్థం అతికినట్టు సరిపోయింది. నాకు మతిపోయింది. ఏసు పాటల తర్వాత వినబడింది కాబట్టి అది ఏసు పాట అయింది. ఆమెకు నిజం చెప్పేయాలనిపించింది. కోడేరులో చెప్పబోయేదానికి ఇక్కడ ఒకసారి నోరు తిప్పుకుని చూసుకోవచ్చన్న లెక్క కూడా లోపల ఉందేమో, చెప్పేశాను. ఆ చివరి వాక్యం రాసినవాడిది కాదని, కేక బాగుంటుందని నేను పెట్టానని.

మార్తమ్మ నా కంచం తీసి గోడవారగా పెట్టింది.

"మీరే మార్చిన్రో, మీతోని మార్పిచ్చిండో, మీకేం ఎరుక?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "నా కొడుకును మట్టిల పెట్టినప్పుడు గా ఒక్క మాట పట్టుకొని నిలవడ్డ సార్. వస్తున్న అనే మాట. గది లేకుంటే ఆన్నే పడిపోతుంటి. మీరు ఎవలకన్న చెప్పుకోండ్రి. మా సంఘంల మాత్రం చెప్పకుండ్రి."

చెప్పనని మాటిచ్చాను. బయటికొచ్చాక చెట్టు నీడన నిలబడి వెనక్కి హైదరాబాదు బస్సెక్కేద్దామా అనుకున్నాను. ఒక అబద్ధం ఒక తల్లిని నిలబెట్టింది కదా, దాన్ని ఎందుకు కెలకడం అని నాలోని పిరికివాడు వెంటనే ప్లీడరై కూర్చున్నాడు. వాడి వాదన బాగానే ఉంది. కానీ మార్తమ్మ కొడుకు పోయాడని ఆమెకు తెలుసు, మట్టి కూడా తనే చేసింది. కోడేరులో మనిషికి ఏం తెలుసు? నాగర్‌కర్నూల్ బస్సెక్కాను.

నాగర్‌కర్నూల్

నాగర్‌కర్నూల్‌లో బస్టాండు ఎదుట టీ కొట్టు బల్ల మీద బాలయ్య పరిచయమయ్యాడు. పరిచయమంటే, నేను వేసుకున్న ఆడవాళ్ల రబ్బరు చెప్పులు చూసి నవ్వాడు. నాకు ఒళ్లు మండి "ఏం, ఎప్పుడూ చూడలేదా?" అన్నాను. "కాలువ పనికి పోయిన దినాలల్ల నేను గూడ మా ఆడోల్లవే ఏసుకుంటుంటి సార్, కూసోండ్రి" అన్నాడు. దాంతో కోపం పోయింది. ఒకప్పుడు మేస్త్రీ. ఊళ్ల నుంచి కూలీల గుంపుల్ని కట్టుకుని, ఎక్కడో దూరదేశాల్లో కాలవలు తవ్వించడానికి తీసుకుపోయేవాడు.

పాట సంగతి ఎత్తితే ఆయన ముఖం మారింది.

"ఎందుకెరగను? గుడిసెలల్ల దినాం పెడుతుంటి. పల్లె పాటలు అయిపోంగనే గా పాట వస్తుండె. గది వచ్చిందంటే తట్ట, పార పట్టుకొని లేవాలె. మా గుంపుకు గదే గంట."

"దాని అర్థం ఏమనుకునేవాళ్లు?"

"ఏమనుకుంటరు? మాదే అనుకుండిరి. బాటకు కాళ్లిచ్చినోల్లం మేమే గదా. ఎవడన్న ఇంటికి పోత అని ఏడిస్తే నేనే చెప్తుంటి, పాట ఇనురా, నీ వంతు ఆడ దాచిపెట్టి ఉంటది, యాడికి పోదు, పని చెయ్యి అని." గ్లాసులో మిగిలిన టీని నేల మీద కుమ్మరించాడు. "ఒకడు నమ్మిండు సార్. రెండేండ్లు ఇంటి మొఖం చూడలే. పొయ్యేటాళ్లకు అన్నదమ్ములు చేను పంచుకున్నరు. వానికి గట్టు గూడ మిగల్చలే. మల్ల తిరిగొచ్చి ఏం మాట్లాడకుంట నా టేప్‌రికార్డర్ ఎత్తి బండకేసి కొట్టిండు. నేను ఏమనలే. ఏమనాలె?"

బాలయ్య ఖాళీ గ్లాసు బల్ల మీద బోర్లించాడు.

"ఎవని వంతు ఎవడు దాస్తడు సార్? గది పాట రాసినోనికి తెల్వదా?"

"తెలుసు" అన్నాను. "పాడినవాడికి తెలియదు."

ఆయనకు నా మాట అందలేదు. నేను కోడేరు పోతున్నానని, నర్సిములు ఇంటికని చెబితే తల పంకించాడు. నర్సిములు తల్లిదండ్రులు పోయారని, చెల్లెలు చెన్నమ్మే ఆ ఇంట్లో ఉంటున్నదని, ఇల్లరికం తెచ్చుకున్న భర్త కూడా కాలం చేశాడని చెప్పాడు. "ఆమెకు అన్న అంటే పానం. పోయిండనుకొని దినాలు చెయ్యమని అయినోల్లంత ఎన్నిసార్లు చెప్పినా ఇనలే. వస్తనన్నోనికి దినాలు ఎట్ల చేస్తరు అంటదట" అన్నాడు.

 

కోడేరు

కోడేరులో ఆటో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. అడ్రసు అడిగిన ప్రతివాడూ "గీ సందుల పోయి గట్ల తిరుగు" అని చెయ్యి ఊపాడు. నాలుగు సందులు తిరిగాక రబ్బరు చెప్పు వేలి సందులో పుండు పడింది, నాలుక పిడచగట్టింది. ఇల్లు దొరికింది కానీ తలుపు తీసి ఉంది, మనిషి లేదు. అరుగు మీద కూలబడ్డాను. తలుపు పక్కన గోడ గూట్లో ఒక ఇత్తడి చెంబు, దాని మీద చిన్న మూత. తళతళా తోమి ఉంది. దారినపోయేవాళ్ల కోసం పెట్టారనుకున్నాను. మా వైపు ఎండాకాలం అరుగుల మీద అలా పెడతారు. మూత తీసి గటగటా తాగేశాను. చుక్క మిగల్చలేదు.

పశువుల మేతకు ఎండిన వేరుశనగ తీగల మోపు నెత్తిన పెట్టుకుని ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటాయి. నర్సిములు ముక్కే. మోపు దించి, నా వైపు, నా చేతిలో చెంబు వైపు చూసింది.

"తాగిన్రా?"

"దాహమేసిందమ్మా."

"తాగుండ్రి. నీళ్లే గదా."

నా చేతిలోంచి చెంబు తీసుకుని లోపలికి పోయింది. చెంబు తోముతున్న చప్పుడు వినబడింది. నీళ్లు నింపి, మూత పెట్టి, తెచ్చి మళ్లీ అదే గూట్లో అదే చోట పెట్టింది. తర్వాత నాకు వేరే స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చింది. అప్పటికి నాకు అర్థమైంది. నేను తాగేసింది నర్సిములు వంతు.

నేనెవరో చెప్పాను. ఆమె ముఖం ఒక్కసారిగా విప్పారింది. "అన్నా, పాట పాడిన అన్న మీరేనా? కూసోండ్రి, లోపటికి రాండ్రి" అంటూ కంగారుపడిపోయింది. అన్న పంపిన క్యాసెట్టు అరిగిపోయిందని, టేపు చిక్కుపడితే పెన్సిలుతో చుట్టి చుట్టి వాడామని, ఆ మిషనూ పాడైందని చెప్పింది. "మిషనుతోని ఏం పని? నాకు నోటికే వచ్చు" అని పాడింది. గిటారు లేదు, కేక లేదు. కొలతకు గింజలు పోసినట్టు ఒక్కో మాటా పోస్తూ పాడింది. నేను ప్రేమపాట అనుకున్నదాన్ని, ఖాజా భాయ్ నాలుగు నిమిషాలు అనుకున్నదాన్ని, మార్తమ్మ సిలువ అనుకున్నదాన్ని, బాలయ్య పనిగంట అనుకున్నదాన్ని ఈమె అర్థం వెతక్కుండా విన్నది. అన్న నీళ్లు దాచమన్నాడు. దాచింది. పొద్దుగూకగానే మార్చి, ముప్పై అయిదేళ్లు దాచింది.

ఇక్కడ ఒక మంచి అబద్ధం చెప్పి లేచి వచ్చేయొచ్చు. నాకు అది బాగా చేతనవును. కానీ ఆ నీళ్లు నా కడుపులో ఉన్నాయి. కరపత్రం తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"చెన్నమ్మా, చివర ఉన్న మాట మీ అన్నది కాదు. వాడు వేరేగా రాశాడు. వాణ్ణి అడక్కుండా నేను మార్చాను."

"ఏ మాట?"

చదివాను. నిమ్మచెట్టుకు పొయ్యుండ్రి అన్నదాకా చదివి ఆగాను. "మల్లొక్కపారి సదువుండ్రి" అంది. మళ్లీ చదివాను.

"మా ఇంట్ల ఆరుగురం" అంది నేల చూస్తూ. "ఎండకాలం బాయి అడుగుకు పోతుండె. కుండ నీళ్లకు తలా ఇన్ని చెంబులని నాయిన వంతులేస్తుండె. ఎవలన్న ఊరికి పోతే ఆ పూట వాల్ల వంతు ఇంకొకల్లు తాగొద్దు, పెరట్ల నిమ్మచెట్టుకు పొయ్యాలె. గది మా అమ్మ పెట్టిన కట్టు. అన్న పట్నం పొయ్యేటప్పుడు తలుపుకాడ నిలవడి గిదే చెప్తుండె. నా వంతు నిమ్మచెట్టుకు పొయ్యి చెల్లె అని. అంటే, నేను రాను అని."

నాకు కవిత్వంగా కనబడింది వాళ్లింట్లో రోజువారీ మాట. ఆ ఇంట్లో పసిపిల్లకు కూడా తెలిసేది.

"క్యాసెట్టు వచ్చిన దినం నాయిన ఊరంత తిరిగి చెప్పిండు. పిల్లగాడు వస్తుండు, పాటల చెప్పిండు అని. అమ్మ ఇల్లు అలికింది." ఆమె తలెత్తి నన్ను చూసింది. "గా పాట మా ఇంటికి వచ్చిన దినానికి మా అన్న ఆడనే ఉన్నడా, పట్నంల?"

"ఉన్నాడు."

"ఎన్ని దినాలున్నడు?"

"తొమ్మిది."

"ఏం చేస్తుండె?"

రోజూ బస్టాండుకు పోయేవాడని చెప్పాను. గది కిందే టీ దొరుకుతున్నా అక్కడికే పోయేవాడని చెప్పాను. చెబుతూ ఉండగానే ఆ టీ ఎందుకో నాకు తెలిసింది. ఇక రానని ఇంటికి కబురు పంపాననుకున్నాడు. తనను తీసుకుపోవడానికి ఎవరో ఒకరు బస్సు దిగుతారని తొమ్మిది సాయంత్రాలు చూశాడు. తొమ్మిదో రోజు పాట విని, కబురే పోలేదని తెలుసుకున్నాడు. మంచిగనే ఉంది లే అన్నాడు. వాడి ఎదురుగా కూర్చుని ఆ పాట పెట్టింది నేను.

"పాటల నిమ్మచెట్టు మాట ఇనపడితే, ఇంక రాడేమోనని మా నాయిన ఆ పూటనే బస్సెక్కుతుండె" అంది చెన్నమ్మ. ఏడవలేదు. ఏడిస్తే నాకు సులువయ్యేది.

లేచి గూట్లో చెంబు తీసుకుని పెరట్లోకి నడిచింది. వెనకే వెళ్లాను. అంతా గచ్చు. ఒక మూల ప్లాస్టిక్ ట్యాంకు. చెట్టనేది లేదు. ఆమె ట్యాంకు పక్కన ఒకచోట ఆగి నిలబడింది.

"చెట్టు గీడనే ఉండె. కరువొచ్చినేడు దీనికి పొయ్యనీకె ఇంట్ల నీళ్లు లెవ్వు. గీ చెంబుల ఉండె గని, అన్న వంతని ముట్టలె. నేను చూస్తుండంగనే ఎండిపాయె." రెండు చేతులా చెంబు పట్టుకుని నా వైపు తిరిగింది. "గిప్పుడు గీ నీళ్లు నేను యాడ పొయ్యాలె సార్?"

చెంబుతోనే వాకిలి దాకా వచ్చింది. నేను సందు చివర ఆటో ఎక్కేదాకా ఆమె చెంబు కింద పెట్టలేదు.